మూడు దెబ్బలు, ఇరవై లెక్క

రెండువేల డెబ్బై తొమ్మిది నాటికి సముద్రం మీద చమురు ఓడలు లేవు. ఒడ్డు మీద ఉన్నాయి. లోకం చమురు తాగడం మానేసిన పదేళ్లలో, దాన్ని మోసిన ఓడలన్నీ చావడానికి వరస కట్టాయి. వాటిలో చాలా భాగం శ్రీకాకుళం ఒడ్డున కోటరేవుకు వచ్చాయి. పోటు మీద తోసుకొచ్చి ఇసుకలోకి ఎక్కించి వదిలేస్తారు. ముక్కలు చేయడం కోటరేవు యార్డు పని.

కోసేది మనుషులు కాదు, ఆరు కాళ్ల యంత్రాలు. అయస్కాంతపు పాదాలతో ఓడ గోడ మీద పాకుతూ, ముందు చేత్తో గ్యాస్ టార్చి పట్టుకుని పొద్దంతా ఇనుము కోస్తాయి. కంపెనీ వాటికి ఏదో పేరు పెట్టింది. ఒడ్డున ఆ పేరు ఎవరూ వాడరు. పీతలు అంటారు.

ఓడ లోపలికి మాత్రం ఇంకా మనుషులే దిగుతారు. ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి ఎత్తాలి, ఇత్తడి వాల్వులు విప్పాలి. ఆ పనికి పీత కంటే ఆడమనిషి చవక. గోడ అవతల మనిషి ఉన్నదీ లేనిదీ పీతకు తెలియదు. రెండేళ్లలో పీతలు అయిదుగురిని కోశాయి. అప్పుడు విశాఖపట్నం నుంచి డాక్టర్ మందాకిని వచ్చింది.

ఆమె చేతిలో చూపుడువేలంత నాజిల్ ఒకటి ఉంది.

నాజిల్ అంటే టార్చి చివర ఉండే రాగి ముక్క. దానికి మధ్యలో ఒక రంధ్రం, చుట్టూ ఆరు. చుట్టూ ఉన్న ఆరింటిలోంచి మంట వచ్చి ఇనుమును ఎర్రబరుస్తుంది. అప్పుడు లీవరు నొక్కితే మధ్య రంధ్రంలోంచి ఆక్సిజన్ దూకుతుంది. ఇనుమును కోసేది మంట అనుకుంటారు. కాదు. ఆ ఆక్సిజన్ తగిలి ఇనుమే తగలబడుతుంది, చిట్టెమై రాలి దారి ఇస్తుంది. పనంతా ఆ మధ్య రంధ్రానిది. పెద్దదైతే కోత గరుకు. చిన్నదైతే మందపాటి ఇనుము తెగదు. పాత ఓడలో ఒకే గోడ ఒకచోట బొటనవేలంత మందం, పక్కనే తుప్పు తిని గోరంత. దాన్ని బట్టి చెయ్యి మారాలి. పీతకు చెయ్యి మారదు.

మందాకిని నాజిల్‌లో రంధ్రం స్థిరంగా ఉండదు. దాని లోపలి గోడ విచ్చుకుని ముడుచుకునే లోహం, వెలుతురుకు కంటిపాప ఎలా చేస్తుందో అలా. దానికి ఆమె పాపలోహం అని పేరు పెట్టింది. రంధ్రాల మధ్య ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు పన్నెండు పొదిగింది. వాటిని ఆలకింపు గింజలు అంది. నాజిల్ ముక్కును గోడకు ఆనిస్తే ఆ గోడలో నడిచే ప్రతి చప్పుడూ గింజలకు వినిపిస్తుంది. తుప్పు చిట్లడం, అల తాకడం, అవతల మనిషి అడుగు వేయడం.

మొదటి నాజిల్‌కు ఆమె నియమాలు రాసి ఇచ్చింది. ఈ చప్పుడు వస్తే ఆగు, ఆ చప్పుడు వస్తే ఆగు అని. అది ఎలుక కదిలినా ఆగింది. అల గట్టిగా కొట్టినా ఆగింది. రోజుకు తొంభైసార్లు ఆగేసరికి సూపర్‌వైజర్లు గింజల మీద సీసం పూసి దాని చెవులు మూశారు. ఆరో మనిషి ఆ నాజిల్ కిందే పోయింది.

రెండోసారి ఆమె నియమాలు రాయలేదు. ఒడ్డున అందరికంటే మంచి చేతిని వెతికి, ఏడాదిపాటు ఆ చేతికి నాజిల్ ఇచ్చి, ఆ చెయ్యి ఏం చేస్తే అది నేర్చుకోమంది. "రాసిన నియమాన్ని మనిషి ఎగ్గొడతాడు. చేతికి పట్టిన అలవాటును ఎగ్గొట్టలేడు" అని నివేదికలో రాసింది.

ఆ చెయ్యి మైలపల్లి దానయ్యది.

దానయ్యకు అరవై రెండేళ్లు. నలభై ఏళ్లు టార్చి పట్టాడు. పీతలు వచ్చాక కూడా, అవి కోయలేని మూలలు కోయడానికి అతన్నే పిలిచేవారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. భార్య తవిటమ్మ పోయి పంతొమ్మిదేళ్లయింది. ఆమె ట్యాంకులో ఉండగా అవతలి నుంచి గోడ కోశారు. కోసింది దానయ్యే. తప్పు మాత్రం అతనిది కాదని ఒడ్డంతా చెబుతుంది. ఎందుకంటే అతను కొట్టాడు.

కోటరేవులో కోతకు ముందు ఒక ఆచారం ఉంది. కోసేవాడు నాజిల్ ముక్కు గోడకు ఆనించి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. తర్వాత ఇరవై లెక్కపెట్టాలి. లోపలికి దిగే ప్రతి ఆడమనిషి నడుముకూ తాడుతో ఒక పానా వేలాడుతుంది. దాన్ని జవాబు పానా అంటారు. మూడు దెబ్బలు వినిపిస్తే ఆమె ఎక్కడున్నా గోడ దగ్గరికి వచ్చి, పానాతో రెండు కొట్టాలి. రెండు వినిపిస్తే కోయకూడదు. ఇరవై దాటినా ఏమీ వినిపించకపోతే లోపల ఎవరూ లేనట్టు.

తవిటమ్మ పోయినప్పటి విచారణలో దానయ్య ఒకే మాట చెప్పాడు. "కొట్టినాను. జవాబు రానేదు." తవిటమ్మ పానా ఎక్కడుందని అడిగారు. "నడుముకే ఉన్నాది. అది ఇప్పనే నేదు" అన్నాడు.

ట్యాంకు మూత దగ్గర కాపలా ఉన్నవాడు నూకయ్య. తవిటమ్మకు స్వయానా తమ్ముడు. కోతకు ముందు లోపలివాళ్లను పైకి పిలవడం అతని పని. అతను ఇంకో మాట చెప్పాడు. గోడ లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయన్నాడు. అప్పటికే ఇరవై ఏళ్ల చెయ్యి ముందు కాపలావాడి చెవి నిలవలేదు. నూకయ్యను యార్డులోంచి తీసేశారు. దానయ్య అతన్ని ఇంట్లోంచీ తీసేశాడు. తవిటమ్మ పెద్ద దినానికి కూడా గడప తొక్కనివ్వలేదు.

నూకయ్య ఊరు వదిలి పోలేదు. యార్డు గేటు బయట రేకుల గది వేసుకుని, పాత నాజిళ్ల రంధ్రాల్లో మసి పట్టినవాటిని సన్నటి పిన్నులతో శుభ్రం చేస్తూ బతుకుతున్నాడు. దానయ్య రోజుకు రెండుసార్లు ఆ గది ముందు నుంచే నడవాలి. పంతొమ్మిదేళ్లుగా తల తిప్పకుండా నడిచాడు.

మందాకిని నాజిల్ చేతికి వచ్చిన వారానికి, గేటు దగ్గర టీ తాగుతున్న నలుగురి మధ్య నుంచి నూకయ్య గొంతు వినిపించింది.

"ఏటి బావా, ఇనుముకి సదువు సెప్తన్నావట?"

దానయ్య ఆగలేదు.

"సెప్పు సెప్పు. దెబ్బ కొట్టడం బాగా సెప్తావు. అంకెలు కూడా సెప్పు. ఇరవై దాకా వొచ్చునా నీకు? రాకపోతే నన్ను పిలు, నాను సెప్తాను."

టీ తాగేవాళ్లు నవ్వారు. దానయ్య వెనక్కి తిరిగాడు.

"అప్పని సంపుకున్నోడివి. నోరెత్తకు."

నవ్వు ఆగిపోయింది. నూకయ్య చేతిలో పిన్ను కింద పెట్టాడు.

"పిలిసినాను బావా. పైకొచ్చినాది. ఇత్తడి వాల్వు ఒగ్గేసినానని మళ్ళీ దిగిపోనాది. ఆపనేకపోనాను. అది నా తప్పే, ఆ దినమూ సెప్పినాను. ఇనపడిన రెండు దెబ్బలు మాత్రం ఇనపడినాయి."

"నాకినపడనేదు."

"ఇంటే ఇనపడతాది."

దానయ్య ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఏడాది గడిచింది. దానయ్య చెయ్యి ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ టార్చి వాల్చిందో, తుప్పు దగ్గర లీవరు ఎంత వదిలిందో, అంతా నాజిల్ నేర్చుకుంది. అది కోసిన అంచు చూసి మందాకినికి నమ్మకం కలిగింది. అంచు మీద గీతలు దువ్వెనతో దువ్వినట్టున్నాయి.

"మీ చెయ్యి ఇక పోదు దానయ్య గారూ. రేపు ఈ ఒడ్డున ఉన్న ప్రతి పీతలోనూ ఇదే ఉంటుంది" అంది.

"నా సెయ్యి నాతోనే పోతే బాగున్ను" అన్నాడు దానయ్య. అతను సంతోషంగా ఉన్నప్పుడు కూడా అలాగే మాట్లాడతాడు.

పరీక్ష ఫిబ్రవరిలో ఒక ఉదయం పెట్టారు. ఒక ట్యాంకు లోపల ఉప్పునీళ్లు నింపిన రబ్బరు బొమ్మను నిలబెట్టారు. దాని చేతికి పానా కట్టారు. గోడ మీద మూడు దెబ్బలు పడ్డాక పన్నెండో లెక్కకు అది రెండు కొట్టేట్టు అమర్చారు. మోకాటి లోతు మడ్డిలో కాళ్లు లాక్కుంటూ మనిషి గోడ దగ్గరికి రావడానికి సగటున అంత పడుతుంది. యార్డు మేనేజరు పట్నాయక్, పనివాళ్లు ముప్పైమంది, దానయ్య బయట నిలబడ్డారు.

పీత గోడ ఎక్కింది. నాజిల్ ముక్కు ఇనుముకు ఆనించింది. చిన్న సుత్తి లేచింది.

టక్ టక్. కొంచెం ఆగి, టక్.

గుంపులో కదలిక వచ్చింది. మూడో దెబ్బను ఆలస్యంగా కొట్టే మనిషి ఈ ఒడ్డున ఒక్కడే. "దానయ్య మావ దెబ్బే! అచ్చం మావే దిగినాడు!" అని ఎవరో అరిచారు. దానయ్య మొహం మొదటిసారి కాస్త వదులైంది.

మందాకిని పెదవులు కదిలిస్తూ లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు.

మంట వెలిగింది. గోడ ఎర్రబడింది. ఆక్సిజన్ దూకిన చప్పుడు అందరికీ తెలుసు, బట్ట చించినట్టుంటుంది. నిప్పురవ్వలు లోపలికి పోయాయి, అంటే గోడ తెగింది. నాజిల్ కిందికి నడిచింది. పన్నెండో లెక్కకు లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. బయట నిలబడ్డ ముప్పైమందికీ వినిపించాయి. నాజిల్ ఆగలేదు. సన్నటి చీలికలోంచి ఉప్పునీళ్లు, ఆవిరి బయటికి వచ్చాయి.

"ఆపండి!" అని పట్నాయక్ కేక వేశాడు. మందాకిని అప్పటికే ఆపేసింది.

ఆమె పీత దగ్గరికి నడిచి, నాజిల్‌తో మాట్లాడే పెట్టెను తెరిచింది.

"జవాబు విన్నావా?"

"విన్నాను. పన్నెండో సెకనులో రెండు దెబ్బలు" అంది పెట్టె.

"మరి ఎందుకు ఆగలేదు?"

"నేను నేర్చుకున్న దాంట్లో ఆగడం లేదు."

"వివరంగా చెప్పు."

"ఏడాదిలో ఆ చెయ్యి పదకొండు వందల నలభై కోతలు కోసింది. ప్రతి కోతకు ముందూ మూడు దెబ్బలు కొట్టింది. ఒక్కసారి కూడా మానలేదు. దెబ్బకూ మంటకూ మధ్య ఎడం సగటున రెండు సెకన్లు. ఎక్కువలో ఎక్కువ నాలుగు. గోడ అవతలి నుంచి ఏడుసార్లు జవాబు వచ్చింది. ఏడుసార్లూ చెయ్యి ఆగలేదు. అందుకని జవాబుతో పని లేదని నేర్చుకున్నాను. దెబ్బలు కోతలో భాగమని నేర్చుకున్నాను."



"ఆ ఏడుగురూ..." అని మందాకిని ఆగిపోయింది.

"కోత గీతకు పక్కగా ఉన్నారు. అన్నిటికంటే దగ్గర ఉన్న మనిషి మూరెడు దూరంలో ఉంది."

గుంపులోంచి ఒక నడివయసు మనిషి మెల్లగా కింద కూర్చుంది. ఆమె నడుముకు జవాబు పానా వేలాడుతోంది.

"అబద్ధం" అన్నాడు దానయ్య. "నాను కొడతాను. నలభయ్యేళ్లు కొట్టినాను. అడగండి ఈళ్లని, కొట్టకుండా ఎప్పుడైనా కోసినానా?"

"కొట్టారు. ఒక్కసారి కూడా మానలేదు" అంది పెట్టె మళ్లీ.

"ఏదీ, ఇనిపించు."

మందాకిని వద్దన్నట్టు చూసింది. దానయ్య చెయ్యి ఎత్తి చూపించాడు, కానిమ్మని. పెట్టె వినిపించింది. మూడు దెబ్బలు, మూడోది ఆలస్యంగా. వెంటనే ఇనుములోంచి బోలుగా దానయ్య గొంతు, "నిప్పుందేట్రా, సుట్ట ఆరిపోనాది" అంటూ. తర్వాత మంట. మంట కింద ఎక్కడో రెండు దెబ్బలు. కాసేపటికి లెక్క లేకుండా దెబ్బలు, ఒకదాని మీద ఒకటి. అవి ఎవరైనా గుర్తుపట్టగలరు. భయపడ్డ చెయ్యి అలాగే కొడుతుంది.

దానయ్య కదలకుండా విన్నాడు.

కొత్తలో అతను ఇరవై లెక్కపెట్టేవాడు. వేలసార్లు లెక్కపెట్టాడు, ఒక్క జవాబూ రాలేదు. కాపలావాడు ముందే అందరినీ పైకి పిలిచేస్తాడు, జవాబు ఎందుకు వస్తుంది? ఇరవై పదయింది. పది అయిదయింది. ఎప్పుడయిందో అతనికీ తెలియదు. చెయ్యి మాత్రం దెబ్బ మానలేదు. కొట్టినవాణ్ని ఎవరూ తప్పుపట్టరు. కొట్టడం అందుకే మిగిలింది.

తెలియనిది అంతవరకే. రెండోది అతనికి తెలుసు. తవిటమ్మను పైకి తెచ్చినప్పుడు పానా ఆమె నడుముకు లేదు. పిడికిట్లో ఉంది. ఒక్కొక్క వేలూ విప్పి తీసింది దానయ్యే. తీసి, నూకయ్య ఏడుస్తూ పక్కకు తిరిగినప్పుడు, తాడుకు కట్టింది దానయ్యే. ఆ ఒక్క అబద్ధం ఆడాడు. మిగిలిన పంతొమ్మిదేళ్లూ దాని మీద కట్టుకున్నాడు.

పట్నాయక్ గొంతు సవరించుకుని మందాకిని పక్కకు వచ్చాడు.

"మేడమ్, యంత్రం లోపం అని రాసేద్దాం. నేర్చుకోవడంలో ఏదో పొరపాటు జరిగింది. ఆయన పేరు ఎందుకు? పాత విచారణలన్నీ మళ్లీ తవ్వుతారు. ఆయనకూ మంచిది కాదు, యార్డుకూ మంచిది కాదు."

మందాకిని దానయ్యను చూసింది.

"ఏం రాయమంటారు?"

యంత్రం తప్పని రాస్తే అతని మాట నిలుస్తుంది. మందాకినికి ఇంకో ఏడాది, ఇంకో చెయ్యి. ఆ ఏడాదంతా పీతలు పాత నాజిళ్లతోనే పాకుతాయి. దానయ్యకు ఇవన్నీ ఆలోచించే అలవాటు లేదు. చీలికలోంచి ఇంకా కారుతున్న ఉప్పునీళ్ల వైపు చూశాడు.

"మిషను బాగానే నేర్సుకున్నాది" అన్నాడు. "సెయ్యిది తప్పని రాయండమ్మా. రెండుసార్లు రాయండి. పాతది కూడా."

"పాతదా?"

"పానా నడుముకు నేదు. సేతిలో ఉన్నాది. నానే కట్టినాను తాడుకి."

గుంపు అతనికి దారి ఇచ్చింది. ఎప్పుడూ ఇచ్చే దారే. ఈసారి కొంచెం ఎక్కువ వెడల్పుగా ఇచ్చింది.

నాజిల్‌ను బాగుచేయడానికి మందాకినికి పది నిమిషాలు పట్టింది. ఒక్క నియమం రాసింది. దెబ్బ తర్వాత ఇరవై లెక్కపెట్టు, రెండు వినిపిస్తే ఆగు. మధ్యాహ్నం మళ్లీ పరీక్ష పెట్టారు. టక్ టక్, టక్. పీత ఆగింది. పన్నెండో లెక్కకు జవాబు వచ్చింది. పీత టార్చి దించి వెనక్కి నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతికి పట్టిన అలవాటు గురించి నివేదికలో తను రాసిన వాక్యాన్ని మందాకిని కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో తోచక ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

దానయ్య అక్కడ లేడు. ఇంటికి వెళ్లి, గోడకు మేకు మీద పంతొమ్మిదేళ్లుగా వేలాడుతున్న తవిటమ్మ పానా తీసుకున్నాడు. తాడు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. పానా చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచాడు. ఈ వార్త అతని కంటే ముందే గేటు దాటింది. టీ బడ్డీ దగ్గర ఎవరూ నవ్వలేదు.

నూకయ్య రేకుల గది తలుపు మూసి ఉంది. లోపల రాగిలో పిన్ను తిరుగుతున్న సన్నటి చప్పుడు.

పిలవడానికి దానయ్యకు నోరు రాలేదు. ఏమని పిలవాలి? తలుపు రేకు మీద పానాతో కొట్టాడు. టక్ టక్. కొంచెం ఆగి, టక్. చెయ్యి దానంతట అదే అలా కొట్టింది.

లోపల పిన్ను చప్పుడు ఆగిపోయింది.

దానయ్య లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాటాక అతనికి కొత్త. అయిదు, ఆరు. అంకెల మధ్య అంత చోటుంటుందని మర్చిపోయాడు. తొమ్మిది, పది. రేకుల అవతల ఊపిరి వినిపించింది. పన్నెండు. మడ్డిలో కాళ్లు లాక్కుంటూ గోడ దగ్గరికి రావడానికి పన్నెండు. అక్కడ లెక్క తడబడింది. పదమూడు నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. పంతొమ్మిది. ఇరవై.

జవాబు రాలేదు.

ఆచారం ప్రకారం ఇరవై దాటితే లోపల ఎవరూ లేనట్టు. లోపల నూకయ్య ఉన్నాడు. అటువైపు నిలబడి, అతనూ లెక్కపెట్టాడు.

దానయ్య పానా దించలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.